చూసుడు వరకే

ఎనుమాముల యార్డుల మిర్చి సీజన్.
సర్వర్ రూం ఏసీకి కూడా తుమ్ములే.
కీబోర్డు సందుల్ల ఎర్రటి దుమ్ము,
ఎంటర్ కొట్టిన వేలితో కన్ను నలిపితే
పొద్దంతా నీళ్ళు.

బయటి నుంచి వచ్చేటోళ్ళకు
నాలుగు తాళాలు పెట్టినం.
పోయినేడు హైదరాబాదోళ్ళు వచ్చి చూసి శభాష్ అన్నరు.
లోపలి కుర్చీకి మాత్రం తాళం లేదు.
గదిల కూసున్నోడు మనోడే అని
మెషీను కూడా నమ్మేది
పేరడగకుండ, పాస్‌వర్డ్ అడగకుండ.

బానోతు హచ్యా, ఇరవై రెండు బస్తాల తేజ.
మధ్యాహ్నం కాంటా మీద తొమ్మిది క్వింటాళ్ళు.
రాత్రి తొమ్మిది నలభైకి
టేబుల్ల ఎనిమిదిన్నర.

లాగ్ తిరగేసిన.
ఎక్కడి నుంచి? లోకల్‌హోస్ట్. అంటే ఈ గదే.
ఎవరు? రూట్.
అంటే సారంగపాణి సార్, గేటు ఎంట్రీ రఫత్,
నైట్ డ్యూటీ పోరడు, ఇంకో ముగ్గురు, నేను.
ఇన్నేండ్లు ఏడుగురం ఒకే పేరు తొడుక్కొని తిరిగినం,
గుమ్మం కాడి చెప్పుల జత లెక్క.
ఇంటిదొంగను ఈశ్వరుడు పట్టడంటరు.
ఈశ్వరునికైనా ముందు ఒక పేరు కావాలె గదా.

ఆదివారం, యార్డు బందు.
ఒక్కొక్కరి పేరు రాసుకుంట
ఒక్కొక్క హక్కు తీసేసిన.
రఫత్‌కు కొత్త ఎంట్రీ వరకు.
నైట్ డ్యూటీకి ఏం లేదు.
సారంగపాణి సార్ కాడ చెయ్యి ఆగింది.
నాతోని మొదటి క్వెరీ రాయించింది ఆయనే,
సెమికోలన్ మర్చిపోతే నెత్తి మీద మొట్టేటోడు.
చూసుడు వరకే, దిద్దుడు లేదు.
సెమికోలన్ పెట్టిన.

సోమవారం ఆయన తెర ముందట కూసొని
రెండుసార్లు కొట్టి చూసి, కళ్ళద్దాలు తుడుచుకొని
"నన్ను కూడానా బిడ్డా" అన్నడు.
"నన్ను కూడా సార్" అన్న.
రూట్ పాస్‌వర్డ్ కవర్ల పెట్టి, లక్క వేసి
సెక్రటరీ బీరువాల పెట్టొచ్చిన.
ఆయన నవ్వలేదు. ఆ పూట చాయ్‌కి పిలవలేదు.

పదకొండింటికి హచ్యా వచ్చిండు.
మా బ్యాకప్‌ల ఆ రోజే లేదు.
రుమాలు ముడి విప్పి తక్‌పట్టీ తీసిండు,
చెమటకు మెత్తబడ్డది, మడతల కాడ చిరిగింది,
తొమ్మిది మాత్రం చెదరలేదు.

ఇటియ్యి, జిరాక్స్ తీస్త అని చెయ్యి చాపిన.
రెండు వేళ్ళ మధ్య గట్టిగ పట్టుకొని
కిటికీ వెలుగుకు ఎత్తి చూపెట్టిండు.
చదువుకో మేడం అన్నడు.
చేతికియ్యలేదు.