సీసం లేని పద్యం

చండూరు బడిల వీరాచారి సారు
సీసపద్యం ఎత్తుకుంటే
కిటికీ చువ్వలు గూడ తాళమేసేవి.
"సీసం పట్టుబడితే అన్నీ పట్టుబడ్డట్టే" అనేటోడు.
నాకు ఒక్క గణమూ పట్టుబడలే.
ఇరవయ్యేండ్ల తర్వాత, చూడుండ్రి,
సీసం తీసేసుడే నాకు కొలువైంది.

దీని పేరు పెరోవ్‌స్కైట్.
ఎండను కరెంటు చేసే స్ఫటికం.
సీసంతో చేస్తే మస్తు పనిజేస్తది.
పగిలి, వానకు కరిగి కారిందంటే
బోరులకు దిగుతది, పాలల్లకు దిగుతది.
బోరును నమ్మి బొక్కలు వంగిన తాలూకా మాది,
ఇంకో విషాన్ని ఇంటి కప్పు మీద పెట్టుకోండని
ఏ నోటితో చెప్పాలె?

అందుకే తగరం.
ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేటప్పుడు
కుంపటి మీద తళుక్కుమనేదే, అదే.
నైట్రోజన్ నింపిన గాజుపెట్టెల
రబ్బరు తొడుగుల్లోకి చేతులు దూర్చి
వెంట్రుకను వెయ్యి పాయలు చీలిస్తే ఎంతుంటదో
అంత సన్నటి తీగెల్ని మొలిపిస్త.
గట్టుప్పల్ల ఆసు పోసే నా దోస్తు సులోచనకు
ఒకసారి మైక్రోస్కోపుల చూపిచ్చిన.
కన్ను తియ్యకుండ చూసి
"పడుగున్నది. పేకేది?" అన్నది.
ఆ ప్రశ్న నా నోటుబుక్కుల ఇంకా అట్లనే ఉంది.

నల్లగుంటేనే బతికున్నట్టు.
మా జిల్లా పేరుల్నే ఉన్నది ఆ సంగతి.
తగరానికి గాలంటే ఆశ,
సూదిమొనంత సందు దొరికినా పీల్చుకొని
తెల్లారేసరికి పసుపుపచ్చగ పాలిపోతది.
మొదటి తునక నలభై నిమిషాలు.
రెండోది, కరెంటు పోయి పంపు ఆగి, అసలే లేదు.
పదిహేడోదాని గురించి అడగకుండ్రి.

గాలి సోకకుండ కలిపే మందు ఒకటుంది:
తగరపు ఫ్లోరైడు. చిటికెడు.
డబ్బా మీద ఆ పేరు చదివి
మూత తియ్యకుండ కొద్దిసేపు కూసున్న.
మా చిన్నాయన మైసయ్య మెడను
నలభై ఏండ్ల సంది పట్టుకున్న చెయ్యి
ఇదే గదా.
అదే చెయ్యి ఇక్కడ తగరాన్ని పట్టుకొని
పోనియ్యనంటది.
కోపమొచ్చింది.
తూకమేసిన. నాలుగు మిల్లీగ్రాములు.
కలిపిన.

ఆ వెనక వంచుడు పరీక్ష.
ప్లాస్టిక్ రేకు మీద అతికిన తునకను
పెన్సిలు చుట్టు వంచాలె, వదలాలె.
వంచాలె, వదలాలె.
ఐదువందల సార్లు.
నాలుగువందల పన్నెండు కాడ లెక్క తప్పి
మళ్ల మొదటికెల్లి.
వంగినప్పుడల్లా తనంతట తానే సాపుగైతది
ఏమీ జరగనట్టు.
దానికి ఎవరు నేర్పిండ్రో.

ఆదివారం మర్రిగూడ పోయిన,
మూసి అంటించిన తునక, మీటరు సంచిలేసుకొని.
చిన్నాయన ఆకాశాన్ని చూసి ఏండ్లైంది.
పొద్దును నేల మీద చదువుతడు.
గుంజ నీడ గడప దాటితే పది,
మేక నీడ మేక కిందికొస్తే పన్నెండు.
ఆయన చూపు ఆనేచోట, పాదాల ముందర
వాకిట్ల పరిచిన.
ముల్లు లేచింది, కొంచెం.

"నూటికెంత?" అన్నడు, వడ్డీ అడిగినట్టు.
"ఆరు."
"ఎన్నొద్దులుంటది?"
"పదకొండు గంటలు, ఇప్పటికైతే."
నవ్విండు. మెడ నవ్వదు, భుజాలు నవ్వినయి.
"అంటే ఒక కూలి పొద్దు."

ఇంకా దగ్గర్నించి చూద్దామని ముందుకొచ్చిండు.
ఆయన నీడ రేకు మీద పడ్డది.
ముల్లు పడిపోయింది.

చిన్నాయన ఏమనలే.
కట్టె ఊతం పట్టి
అడుగడుగు పక్కకు జరిగిండు
నీడను గుంజుకుంట,
ముల్లు మళ్ల లేచేదాక.