ఎనభై ఎనిమిది

ఫారానికి నూట ఎనభై.
పెట్రోలు ఖర్చు మనదే.
కావలి నుంచి ఇసకపల్లి దాకా
అరవై నాలుగు ప్రశ్నల్ని బండి మీద ఎక్కించుకొని పోయాను.
ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో పుట్టి,
ఢిల్లీలో ఆగి,
హైదరాబాదులో తెలుగు చొక్కా తొడుక్కున్న ప్రశ్నలు.
భుజాల దగ్గర ఇంకా బిగుతుగానే ఉన్నాయవి.

ఈగా పోలమ్మ ఉప్పుకయ్యలో ఉంది.
పలకతో లాగుతోంది. లాగేదానికి ఏమీ లేదు.
రోహిణి కార్తె రాకముందే, మొన్న రాత్రి,
రెండు గంటలు కురిసింది.
తాటాకు కప్పిన కుప్ప ఒక్కటి మిగిలింది.
కప్పనివి, సముద్రం అప్పు సముద్రానికి చెల్లినట్టు,
తెల్లారేసరికి లేవు.

"నీళ్ళలో నిలబడే చెప్తా, అడుగు నాయనా."

ఇంట్లో ఎన్ని గదులు?
నవ్వింది. ఒకటి అని రాశాను.
పన్నెండో ప్రశ్న: గత ఐదేళ్ళలో వాతావరణ ఘటనల వల్ల
కోల్పోయిన ఆస్తి విలువ, రూపాయల్లో.
"ఘటన అంటే?"
వాన, అన్నాను. గాలి. ఎండ.
"అయ్యి ఎప్పుడూ ఉండేయే గదా.
కాకుంటే ఇప్పుడు వాటికి నెలలు తెలీడంలా."
దానికి కోడ్ లేదు.

కాసేపాగి, "తొక్కుడు పోయింది," అంది.
మాఘంలో మడిని తొక్కి తొక్కి
అద్దంలా చేసిన నేల.
పద్నాలుగు రోజులు, ఆరుగురు ఆడోళ్ళు.
"ఉప్పు పోతే కొఠారోళ్ళది పోయింది.
తొక్కింది మేం గదా. అది యాడ రాస్తావు?"
ఆస్తి గడిలో పాదం పట్టదు.
ఎనభై ఎనిమిది వేశాను.
తెలియదు, వర్తించదు, చెప్పలేదు,
మూడింటికీ ఒకటే అంకె.

ముప్పై ఒకటి దగ్గర ఇద్దరం ఆగిపోయాం.
రెసిలియన్స్.
హైదరాబాదు వాళ్ళు 'స్థితిస్థాపకత' అని రాశారు.
ఇంటర్లో ఫిజిక్స్ చదివినవాణ్ణి,
నాకు స్ప్రింగు గుర్తొచ్చింది.
లాగి వదిలితే మళ్ళీ ముందున్నట్టే ఉండేది.
"అంటే, దెబ్బ తిన్నాక మళ్ళీ లేచే శక్తి.
ఒకటి నుంచి ఐదు దాకా, నీకెంత ఉందంటావు?"
పలక గట్టున పెట్టింది.
మడమల పగుళ్ళలో ఉప్పు పేరుకొని ఉంది.
"లేవకపోతే కూలి ఎవురిస్తారు నాయనా?
దానికి శక్తి అని పేరు పెడితిరా?"

నేనేమీ పెట్టలేదు.
మూడు అని రాశాను.
నాలుగంటే సాయం తగ్గుతుందేమో,
రెండంటే ఆమెను తక్కువ చేసినట్టేమో.

వెనకే తుఫాను షెల్టరు. విదేశీ బ్యాంకు అప్పుతో కట్టింది,
అప్పు మన పేరు మీదే.
తాళం ఊళ్ళో ఎవరింట్లోనో, లోపల ఎవరివో రొయ్యల మేత బస్తాలు.
ఆశ్రయం అందుబాటులో ఉందా? అవును, కాదు.
"ఉండాది. కనపడతానే ఉండాది గదా."
అవును.

చివరిది: మీరు మమ్మల్ని ఏమైనా అడగాలనుకుంటున్నారా?
దీనికి మాత్రం నాలుగు గీతలు ఖాళీగా వదిలారు.
చాలాసేపు తూర్పుకి చూసింది.
"ఇయ్యన్నీ అడగమన్నోళ్ళు ఉండారే,
వాళ్ళ ఊళ్ళో వానలు నెలకి పడతన్నాయా?
వాళ్ళన్నా బాగుండారా?"

ఆమె మాటల్లోనే రాశాను.
ఇంగ్లీషు చేసేవాళ్ళు దాన్నేం చేస్తారో.

బయల్దేరేటప్పుడు, మిగిలిన కుప్పలోంచి
గుప్పెడు ఉప్పు పాత నోటుపుస్తకం కాగితంలో కట్టిచ్చింది.
ఫారాల సంచిలో వేసుకొని అల్లూరు రోడ్డెక్కాను.
రెండు రోజులు సంచి విప్పలేదు.
విప్పేసరికి, ఉప్పు గాలిలో తేమంతా తాగి
పోలమ్మ ఫారం తడిపేసింది.
ముప్పై ఒకటో గడిలో నా మూడు
నీలంగా పాకి,
ఒక పక్కనుంచి ఎనిమిదిలా, ఒక పక్కనుంచి మడమలా ఉంది.

సూపర్‌వైజరుకి ఫోన్ చేశాను.
చదవరాకపోతే ఎనభై ఎనిమిది వేసెయ్, అన్నాడు.

వేశాను.