రెండు వందల గ్రాములు

శుక్రవారం. సనయ్యల మా రూము.
ఎనిమిది మంచాలు, ఒక్క ఏసీ, అది గూడ దగ్గుతది.
టీవీల ఎవడో ముసుగోడు వేలు ఎత్తితే
బస్సు లేస్తున్నది, బ్రిడ్జి లేస్తున్నది.
పప్పుకు పోపు వెట్టుకుంట హన్మాండ్లు అడిగిండు:
"భూమి గుంజుడు మన చేతిలుంటే
ఏంజేద్దుమురా?"

సాయిలుది పై మంచం.
"నిచ్చెన ఎక్కుడు బంద్" అన్నడు.
"డ్యూటీకెల్లి రాంగనే బూట్లిప్పుత,
బూట్లతోటే బరువంత ఇప్పుత,
దూది లెక్క లేచిపోయి పంట."

నేపాలు దిల్ బహదూర్‌కు మన మాట సగమే వస్తది.
నాలుగో అంతస్తుకు నీళ్ళ క్యాన్లు మోసేది అతనే.
మెట్ల దిక్కు చెయ్యి చూపిచ్చిండు,
రెండు వేళ్ళను నడిపిచ్చిండు.
నీళ్ళు వాటంతటవే ఎక్కివస్తయట,
వరుసగ, బడి పిల్లల లెక్క.

నాకు ఇంకోటి తోచింది.
ఎండకాలం పొద్దు ఉన్నది చూడు,
క్రేను కొక్కేనికి తగిలిచ్చి మరిచిపోయినట్టు
ఉన్నకాడ్నే ఉంటది.
దానికి ఓ రెండు టన్నులు కడుత.
నాలుగింటికే కుంకుతది.
ఫోర్‌మన్ గడియారం కొట్టి కొట్టి చూస్తడు.

ఇగ ఆఫీసు బీరువల మా పాస్‌పోర్టులు.
చింతాకంత తేలిక చేస్త వాటిని.
నడిరాత్రి తలుపు సందుకెల్లి
ఒక్కొక్కటి జారి, రోడ్డు దాటి
ఎవని దిండు కిందికి వానిది.
దొంగతనం గాదు, గాలి తెచ్చిందంటం.

"మరి బంగారం?" హన్మాండ్లు గంటె ఆపిండు.
"సూక్‌ల తులం కొని, బయటికొచ్చినంక
రెండు తులాలు జేద్దుమా?"
అందరం జరసేపు ఊకున్నం.
"వద్దులే" అన్నడు మల్ల వాడే.
"మా నాయిన దుకాణం మునిగింది తూకం మోసంతోనే."
మునిగిచ్చింది ఎవరో, మోసం ఎవరిదో చెప్పలె.
పోపు మాడిన వాసన.

భోజన్న గోడకు ఒరిగి కూసున్నడు.
మార్చిల మూడో పలక మీదికెల్లి జారిండు,
రెండు మడిమలు పచ్చడైనయి.
"నా చేతిలుండె ఆ పవరు" అన్నడు మెల్లగ.
"పట్టు జారినప్పటికెల్లి నేల తగిలేదాక.
హెల్మెట్ బరువు లేదు.
నడుముకున్న పానాల బరువు లేదు.
మిత్తి బరువు గూడ లేదురా, ఒట్టు.
ఎంతసేపు? తుమ్మినంతసేపు.
అటెన్క భూమికి యాదికొచ్చిన."

నవ్వాల్నో వద్దో తెలువక
పైన సాయిలు కాలు ఊపుడు ఆపిండు.

నెలకు ఎయిర్‌పోర్టు.
భోజన్న చక్రాల కుర్చీల, నేను బ్యాగు వెంబడి.
దుప్పటి, బాదం, నొప్పుల మందు డబ్బలు పన్నెండు,
అడుగున బిడ్డకు కుట్టుమిషన్ మోటరు.
ఇనుము ఇనుమే గదా.
టికెట్ మీద ముప్పై అని ఉన్నది,
ఎర్ర అంకెలు ముప్పై ఆరు అంటున్నయి.
ఎవలు చూడకుంట నేను వేలు ఎత్తి చూసిన,
ముసుగోని లెక్క.
ముప్పై ఆరే.

కౌంటర్‌ల పిల్ల ఏ దేశపుదో,
మెడకు నీలిరంగు రుమాలు.
కుర్చీని చూసింది, కట్లను చూసింది.
అవుతలికి మొకం తిప్పి ఎవరితోటో మాట్లాడుకుంటనే
చెప్పు కొసతోటి బ్యాగును కిందికెల్లి
జర ఎత్తిపట్టింది.
అంకెలు దిగి దిగి
ఇరవై తొమ్మిది పాయింటు ఎనిమిది కాడ ఆగినయి.
చీటీ అంటిచ్చింది. బెల్టు గుంజుకపోయింది.

వాపసు బస్సుల కిటికి పక్క సీటు దొరికింది.
సనయ్య వచ్చేదాక అదే లెక్క నాకు:
ముప్పై కాడ ఆపచ్చు గదా,
ఆ రెండు వందల గ్రాములు
ఎవలకోసం మిగిలిచ్చింది?