నాలుగంగుళాల మేకు

బండి నడుస్తా ఉంది. లిఫ్టు లేస్తా ఉంది.
వెనకాల రోటావేటరు మాత్రం
అప్పిచ్చినోడు ఎదురైతే చూపు తిప్పుకునే మనిషి మాదిరి
కదలదు, పలకదు.

పొదలకూరుకు నాలుగు మైళ్ల ఇవతల నిమ్మతోట.
చెట్ల సందుల్లో మోకాలెత్తు గరిక.
పెద్ద ట్రాక్టరు దూరితే కొమ్మలు విరుగుతాయని
మూడు చేతులు మారినాక చెంగమ్మ కొన్న చిన్న బండి.
దాని వయసు ఆమెకు తెలీదు.
బానెట్టు మీద రంగు గీకి చూస్తే
ఎరుపు కింద నీలం, నీలం కింద మళ్లీ ఎరుపు.

"లివరు దించితే ఏమన్నా చప్పుడొస్తా ఉందామ్మా?"
"రాదు నాయనా. గాల్లో చెయ్యి ఊపినట్టుంది."
ఆ మాటతోనే రోగం మొత్తం చెప్పేసింది.
నేనే నమ్మలా.

నమ్మకపోవడం మా పనిలో మొదటి పానా.
ముందు రోటావేటరు బోల్టు చూశా, తెగలా.
జాయింటు షాఫ్టు ఊడదీసి గోతం మీద పెట్టా,
క్రాసులు బాగానే ఉండాయి,
గ్రీజు మాత్రం ఎండిపోయి ముదురు పాకం.
ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్నా.
కాలేషా మేస్త్రి లుంగీ ఒకసారి ఇట్టాంటి షాఫ్టుకే చుట్టుకుంది,
అప్పట్నుంచీ వానొచ్చేది ఆయన కుడికాలికి ముందే తెలుస్తది.
లివరు దించి, వెనక పళ్లున్న మొనను చేత్తో తిప్పా.
బిగబట్టాలి. బిగబట్టలా.
ఒట్టి గిలకలా తిరిగింది.

క్లచ్చు కాదు. ఈ బండికి ఉండేది ఒకటే క్లచ్చు,
అది పోతే బండే కదలదు.
అంటే, లోపల.

ఆయిలు వదిలా. చల్లారిన టీ రంగు, నీళ్లు చేరినై.
ఎనిమిది బోల్టులు. ఏడు ఊడినై.
ఎనిమిదోదానికి పొద్దు నడినెత్తికొచ్చింది.

మూత తీసి టార్చి కొడితే
కడ్డీ మీద ఫోర్కు వదులుగా, తీరిగ్గా కూర్చోనుంది.
కడ్డీ కదుల్తుంది, ఫోర్కు కదలదు.
రెంటినీ కలిపే పిన్ను తెగింది.
అయస్కాంతం దించి ముక్కలు లాగా.

పిన్ను కాదు. మేకు.
తల కోసేసిన నాలుగంగుళాల మేకు.
కొనను ఆకురాయితో వాల్చి ఉండారు,
ఎడంచేతి వాటంగా.

ఈ రోడ్డు పొడుగునా ఎడంచేత్తో ఆకురాయి పట్టేవాణ్ణి
నేనొక్కణ్ణే.

అప్పుడు నాకు పదిహేడు.
చేజర్ల ఆసామి దగ్గర బండి తొలి ఎరుపులో ఉండేది.
వాన. బస్సులు లేవు.
"ఇప్పటికి మేకు కొట్రా దస్తగిరీ,
రేపు నెల్లూరు పోయి పిన్ను తెద్దాం," అన్నాడు మేస్త్రి.
ఆ రేపు ఏ వాగు దగ్గర ఆగిపోయిందో.
పంతొమ్మిదేళ్లు
చీకట్లో, ఆయిల్లో మునిగి
నేను మర్చిపోయిన మాటను
ఆ మేకు నిలబెడతానే ఉంది.

"ఏ సన్నాసి కొట్టాడు దాన్ని?" అంది చెంగమ్మ
రాలిన కాయలు ఏరతా.
"నేనే."
ఏరడం ఆపలా.
"ఎన్నేళ్లయింది?"
చెప్పా.
"అయితే ఇంకోటి కొట్టు."

కొట్టలా.
రెండున్నర బస్సుకు నెల్లూరు పోయి
స్టోన్‌హౌస్‌పేటలో నాలుగు షాపులు తిరిగా.
నాలుగోవాడు ముక్కల్ని కాలిపరు పెట్టి కొలిచి, నన్నొకసారి చూసి,
డబ్బా అడుగునుంచి తీశాడు. అరవై రూపాయలు.
బస్సు ఛార్జీలే అంతకంటే ఎక్కువ.
తిరిగొచ్చేసరికి చీకటి.
ఆమె తిట్లు గేటు దగ్గరికే ఎదురొచ్చినై.

కొత్త ప్యాకింగు, కొత్త ఆయిలు, పళ్ల మధ్య టార్చి.
ఇంజను అందుకున్నాక లివరు దించితే
ఖట్.
రోటావేటరు ఒకసారి ఒళ్లు విరుచుకుని మట్టిలోకి దిగింది.
గరికా, రాలిన నిమ్మాకులూ నలిగి
చీకటంతా పుల్లగా వాసనేసింది.

మేకు ముక్కలు రెండూ నా చొక్కా జేబులో.
కూలి ఎనిమిది వందలు.
"రేపిస్తా," అంది చెంగమ్మ.