ఒకటిన్నర మెట్టు తక్కువ

తానం చెయ్యకముందే తియ్యాలన్నది మదునక్క.
"ముప్పై నాలుగేండ్లు కడుక్కొనొచ్చిన ముఖమే సూసిన.
ఆ నల్లది ఒక్కటన్న ఇంట్ల ఉండనియ్యి."
బాయి గేటు ముందర, సైకిల్ స్టాండు పక్కన
చేతిసంచిల ఉతికిన బనీను పెట్టుకొని నిలవడ్డది.

మందమర్రిల పుష్యమాసం. పొద్దు తొందర మీదుంది.
ఓదెలు పైకొచ్చినా గేటు దాకా రాలేకపొయ్యిండు.
ల్యాంప్ రూం కాడి నుంచి ఒక్కొక్కరు అలుముకునుడే,
ఒకరి బొగ్గు ఒకరికి అంటించుకునుడే.
ఆఖరి మస్టర్ కదా.
వచ్చి నా ముందు నిలవడితే
బంతిపూల దండ కనబడ్డది.
దండ వెనక మనిషి కనబడలే.

మట్టిదిబ్బ మీద ఆకాశం
మోదుగుపూలు ఉడకబెట్టిన నీళ్ల లెక్క.
దాన్ని చూసి కొలత పెడితే ఓదెలు బొగ్గుపెళ్ల.
ఓదెలును చూసి పెడితే ఆకాశం సున్నమేసిన గోడ.
ఇద్దరికి పంచాయితీ తెంపేటందుకే
నా సంచిల ఫ్లాష్ ఉన్నది.

మొదటిది పూర్తి బలంతోని కొట్టిన.
తెర మీద చూద్దునా,
సాయంత్రమే లేదు.
వెనక నల్లగుడ్డ కట్టినట్టు. ముందట
ముక్కు మీద తెల్లమచ్చ, మూసుకున్న కండ్లు,
పోలీస్ స్టేషన్ గోడ మీద అతికించే
ఎవడో ఒకడు.

"ఏంది పిలగా," అన్నడు ఓదెలు కండ్లు నులుముకుంటూ,
"నీకు లోపలి మర్యాద తెల్వదు.
బాయిల ఎదురుపడ్డోని ముఖం మీద లైటు కొట్టం.
మాట్లాడాల్నంటే జర మెడ వంచుతం.
టోపీ లైటు వాని ఛాతి మీద పడ్తది.
ఆడికెల్లి ఎగిరొచ్చే ఎలుగు సాలు.
మనిషెవడో, నవ్వుతున్నడో, బుగులు పడ్డడో
అన్నీ ఎరుకైతయి.
కొత్తగొచ్చినోడే ముఖం మీద కొడ్తడు.
వారం దినాలు తిట్లు తిన్నంక
మెడ వంచుడు వానికే వస్తది."

పన్నెండేండ్ల సంది పెండ్లిళ్లు తీస్తున్న.
ఎంతమంది పెండ్లిపిల్లల కండ్లల్ల
కొత్తోని లెక్క లైటు కొట్టిన్నో
ఆ గేటు కాడ యాదికొచ్చింది.

ఆకాశానికే కొలత పెట్టిన.
ఫ్లాష్‌ను ఒకటిన్నర మెట్టు దించిన.
ఆ తెల్లటి ఎలుగు ఈ పొద్దుకు సుట్టం కాదు,
అందుకని నారింజ చాక్లెట్ కాయితం సాపు చేసి చుట్టిన.
"మదునక్కా, బనీను పట్టుకుంటవా?
ఆయన ఛాతికి ఎదురుంగ, ఫోటోల పడకుండ,
ఇగో, నా మోచెయ్యి పక్కన. రెండు చేతులతోని."
ఫ్లాష్ తల తిప్పి బనీనుకే కొట్టిన.

రెండు నిమిషాలకో మెట్టు దిగుతున్నది ఆకాశం.
మెట్లు దిగుడు ఓదెలుకు కొత్తగాదు,
కదలకుండ నిలవడ్డడు.
ఆమె చేతులే వణుకుతున్నయి.
"గట్టిగ పట్టు," అన్నడు, "దుప్పటి మడతపెట్టేటప్పటి లెక్క."
ఆమెకు నవ్వొచ్చింది. ఆమెను చూసి ఆయనకు.
అప్పుడు నొక్కిన.

నలుపు నలుపు లెక్కనే ఉన్నది.
చెమట దారులు, టోపీ పట్టీ ఒత్తిన గీత,
ఎడమ కనుబొమ్మ మీది పాత కుట్లు,
ఒక్కటీ కడుక్కపోలే.
వెనక మోదుగునీళ్లు సల్లారుతున్నయి.
ఫ్లాష్ కొట్టిన సంగతి
నాకు తప్ప ఎవరికీ తెల్వదు.

మదునక్క తెరకు ముఖం ఆనించి చూసింది.
"అంత మంచిగున్నది గని
కండ్లల్ల తెల్లగ ఏందో పడ్డది సూడు, రెండిట్ల.
ఆ నలుసు తుడిసెయ్యి కొడుకా."
సరే అక్కా అన్న.

ఓదెలు బనీను అందుకొని తానానికి పొయ్యిండు.
పొయ్యేముందు టోపీ తీసిండు, నెత్తికి లైటు లేదు.
అప్పుడే ల్యాంప్ రూంల ఇచ్చేసిండట.
అయినా గేటు కాడ ఎవరో పిలిస్తే
తిరిగి, జర మెడ వంచి మాట్లాడిండు.

నలుసు తుడవలే.
పెద్దగ చేసి చూస్తే
దాని రెండు కొసలకు
వేళ్లు గుడ కనబడ్తయి.