కాటా మీద సైకిలు

ఒకటే గేరు.
హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా వెనక్కి వంగి ఉంటుంది.
టైర్లు లావు, సీటు నా ఆఫీసు కుర్చీకంటే మెత్తన.
చెక్కు తీసిన పచ్చిమామిడి రంగు.
ఇరవై ఎనిమిది వేల ఐదొందలు.
అద్దంకి బస్టాండ్ దగ్గర గౌస్‌బాషా కొట్లో
మూడు నెలల్నించి అద్దం వెనక అది,
అద్దం ముందు నేను.

"గేర్లు లేకుండా అంత రేటేంది బాషా?"
"గేర్లు కొండలకి సార్.
ఒంగోల్లో ఉండేది ఆ గుడికొండ ఒక్కటే,
దానికీ మెట్లుండాయి గదా!"

పేర్నమిట్ట వేబ్రిడ్జిలో నా ఉద్యోగం.
చీమకుర్తి నుంచి దిగే రాయంతా
నా కిటికీ ముందు ఒక్క నిమిషం ఆగి
బరువు చెప్పి పోతుంది.
ఇరవై రెండేళ్ళుగా నాకొచ్చిన లెక్క ఒక్కటే:
మొత్తంలోంచి ఖాళీ బండి తీసేస్తే
మిగిలిందే సరుకు.

రాత్రి డ్యూటీలో చీటీల వెనక వేసి చూశాను.
సైకిలు పదిహేడు కిలోలు.
కిలో పదహారొందల డెబ్బై ఆరు పడుతుంది,
పొట్టేలు మాంసం కూడా నవ్విపోయే ధర.
నా జీతంలో ఒక నెలా పదకొండు రోజులు.
చిన్నోడి హాస్టలు ఫీజులో మూడో వంతు.
పాత మోపెడ్ ఒకటి, ఏడాది పెట్రోలుతో సహా.
ఎటు నుంచి కూడినా
సైకిలు తప్పే.

సౌభాగ్యం మాత్రం లెక్కలు అడగలేదు.
"యాడికి పోతావు దాని మీద?" అంది, బియ్యం చెరుగుతా.
లారీలనడిగితే చెబుతాయి, కృష్ణపట్నమనో చెన్నై అనో.
నేను కొత్తపట్నం అనబోయి ఊరుకున్నాను.
సముద్రం కాడ నీకేం పని అంటే
దానికీ చీటీ రాయలేను.

మొన్న మంగళవారం బాషా తాళం చేతిలో పెట్టాడు.
"రెండు గంటలు తిప్పుకోండి సార్.
ఊరికే చూస్తా ఉంటే సైకిలుక్కూడా దిష్టి తగుల్తది."
కర్నూలు రోడ్డెక్కాను.
సాయంత్రపు సముద్రపు గాలి
వీపు మీద చెయ్యేసి తోసింది.
ఆపుదామని వేళ్ళతో వెతికితే బ్రేకు లేదు.
పెడలు వెనక్కి తొక్కాలట.
నలభై తొమ్మిదో ఏట
ఆగడం మళ్ళీ నేర్చుకున్నాను.

కాటా మీద బండ్లు లేవు.
రాతి దుమ్ము మాత్రం పడుకుని ఉంది.
ఎవరూ చూడటం లేదని రెండుసార్లు చూసుకుని
సైకిలును నడిమధ్యన స్టాండేసి నిలబెట్టాను.
ఎర్ర అంకెలు కదల్లేదు.
సున్నా.
ఇరవై కిలోలకు లోపుది ఏదీ
మా కాటా కంటికి ఆనదు.
అరవై టన్నులు మోసే ఇనుముకి
ఇరవై ఎనిమిది వేల ఐదొందలు ఒక పిచ్చుక.

దాన్ని దించి నేనెక్కాను. అరవై.

ఇద్దరం కలిసి ఎక్కాం.
సీటు మీద కూర్చుని మెడ సాచి కిటికీలోకి చూశాను.
ఎనభై.

మిషను సంగతి నాకు తెలీక కాదు.
సర్వీసతను వచ్చినప్పుడల్లా చెబుతాడు,
చిన్న బరువులకి ఇది పనికిరాదు సార్ అని.
తెలిసే దిగలేదు.
సున్నాకీ అరవైకీ మధ్య ఎక్కడా లేని ఆ ఇరవై
ఎర్రగా వెలుగుతుంటే
దాన్ని కాసేపు అట్టాగే ఉండనిచ్చాను.

వెనక పద్నాలుగు చక్రాల బండి హారన్ కొట్టింది.
డ్రైవరు మాలకొండయ్య తల బయటపెట్టి
"ఏంది సామీ, ఖాళీ బండా, లోడా?"
"లోడే" అన్నాను.

తిరిగి వచ్చేప్పుడు అదే గాలి ఎదురైంది.
మాకు కొండల్లేవన్న బాషా మాట సగమే నిజం.
గేరు ఒకటే, మోకాళ్ళు రెండు,
బైపాసు దాటేసరికి చొక్కా వీపుకి అతుక్కుంది.
దారి పొడుగునా
నేను ఎక్కడికి పోతున్నానో ఎవరూ అడగలేదు.

ఐదు వేలు అడ్వాన్సిచ్చాను.
సౌభాగ్యానికి ఆదివారం, అన్నం తిన్నాక చెబుతాను.

బెల్లు విడిగానంట, మూడొందల యాభై.
బెల్లుకి అంత రేటేందని
దాని గురించి ఆలోచిస్తున్నాను.