ఖాళీ కడుపుతో ఒక్క రోజు

తూకానికి ముందు
ఒక పగలూ ఒక రాత్రీ పస్తుంచాలి,
తడి కాగితం మీద, గాజు మూత కింద.
తిన్న మట్టంతా బయటికి పోవాలి.
అయినా పోకుండా లోపల ఏం మిగిలిందో
అదే మాకు కావాలి.

దొంగ చేత నిజం కక్కించినట్టే ఉంటుంది,
దొంగతనం చేసింది మాత్రం ఇది కాదు.

ఓస్ ఊళ్లో, విశ్వవిద్యాలయం వెనక గదిలో
పంతొమ్మిదేళ్లుగా వానపాముల్ని లెక్కపెడుతున్నాను.
వీటికి కళ్లు లేవు, చెవులు లేవు.
వేలి మీద వేసుకుంటే
చల్లగా, సన్నగా, ఏదో అడుగుతున్నట్టు కదులుతాయి.

హాల్‌స్టైన్ తన బార్లీ చేను మట్టిని
పాత పాల బకెట్‌లో తనే మోసుకొచ్చాడు.
పట్నం మురుగుని వడగట్టగా మిగిలిన నల్లటి బురద
అతని చేనికి ఎరువు.
కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయన్నాడు.
"దున్నుతుంటే వెనకాల తెల్ల పక్షులు గుంపుగా దిగేవి గున్‌వోర్,
మొన్న వసంతంలో నాలుగే వచ్చాయి."
ఎండలు కావచ్చు. పక్షులకే వేరే పని పడి ఉండొచ్చు.
ఏమీ తేలకుండా నేను నోరు విప్పను.
బకెట్ మాత్రం తీసుకున్నాను.

వెంట్రుకను నిలువునా వెయ్యి పోగులు చేస్తే
ఒక్కో పోగూ
మేం వెతికే వెండి రేణువుకంటే లావే.

పెట్టె మధ్యలో రేకు నిలబెట్టి
ఇటు శుభ్రమైన మట్టి, అటు వెండి కలిపిన మట్టి పోశాను.
రేకు తీసేసి ఆ గీత మీద పదింటిని వదిలాను.
రెండు రోజులకి ఇటు ఐదు, అటు ఐదు.
పరవాలేదనుకుని ఇంటికెళ్లి చేపల పులుసు తిన్నాను.
ఐదో రోజుకి తొమ్మిది ఇటు వచ్చేశాయి.
ఎవరు చెప్పారు వాటికి?
చర్మంతోనే రుచి చూసి, ఆలస్యంగా,
మనం కీడుని గుర్తుపట్టినంత ఆలస్యంగా.

ఒక్కటి అటే ఉండిపోయింది.

నేను పుట్టినప్పుడు
బారసాల దాకా కొండజాతి దయ్యాలు ఎత్తుకుపోకుండా
అమ్మమ్మ నా పొత్తిగుడ్డకి వెండి పిన్ను గుచ్చిందట.
ఆ పిన్ను ఇప్పటికీ పెట్టెలో ఉంది, నల్లబడి.
వెండి కాపలా కాస్తుందనే నమ్ముతూ పెరిగాను.
ఇప్పుడూ కాపలాయే కాస్తోంది:
మా ఆయన స్కీయింగ్ మేజోళ్లలో, చెమట కంపు రాకుండా.
పొట్లం మీద హామీ కూడా రాసి ఉంది.
ఆదివారం ఉతుకు యంత్రం నీళ్లు వదులుతుంటే
గొట్టం దగ్గర నిలబడి విన్నాను.
గుడగుడమని దిగి
ఎటు పోతున్నాయో నాకు తెలుసు.
ఆ బకెట్ ఇంకా నా బల్ల కిందే ఉంది.

పెద్దవాళ్లు అంటారు, కొన్ని కడుపులో పెట్టుకోవాలని.
ఇది పెట్టుకుంది.
పేగు చుట్టూ ఉన్న పసుపుపచ్చ పొరలో
ఎవరిదో పాపాన్ని తనదిగా మడిచి దాచుకుంది.
మట్టి మొత్తం వదిలేసింది,
అది మాత్రం వదల్లేదు.

ఈ రాత్రి పస్తు ముగిసింది.
మూత తీశాను.
తడి కాగితం మీద, దాని పక్కనే,
పెసరగింజంత, నిమ్మకాయ ఆకారంలో
ఒక గూడు.
ఆకలితో ఉండి కూడా పెట్టింది.

పత్రంలో బరువుకి గడి ఉంది,
నిడివికి ఉంది, చావుకి రెండున్నాయి.
దీనికి లేదు.
పెన్ను మూత తీశాను, పెట్టాను, మళ్లీ తీశాను.
మార్జిన్‌లో చిన్న సున్నా గీసి
దాని మీద తోక పెట్టాను.

రేపు తల్లి ఆమ్లంలో కరుగుతుంది.
ఎంత వెండో యంత్రం అంకెల్లో చెబుతుంది.
గూడుని శుభ్రమైన మట్టిలో పెట్టి
చీటీ మీద తేదీ రాశాను.
శుభ్రమైన మట్టి అని రాయబోయి
"మట్టి" అని మాత్రం రాశాను.

గది నేల మంచులా ఉంది.
నా కాళ్లకి
ఆయన మేజోళ్లే ఉన్నాయి.
వెచ్చగానే ఉన్నాయి.